కాళ్ళు కోసీసావేటి మావయ్యా?

పన్నెండు బై పద్దెనిమిది ప్రింటు. మాట్ లామినేషన్ చేయించి, గొట్టంలా చుట్టి, నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. మా వెనక వీధి పిల్ల. ప్లస్ టూ చదువుతోంది, బరువులెత్తుతుంది. అంతకు పది రోజుల ముందు జరిగిన పోటీల్లో, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే కడ్డీని ముందు భుజాల దాకా, అక్కణ్ణుంచి తల మీదికి ఎత్తే పద్ధతిలో, అప్పటిదాకా తను ఎత్తిన బరువులన్నిటికన్నా ఎక్కువ ఎత్తింది. ఆ క్షణం నా కెమెరాకి దొరికింది. మెడ నరాలు తేలి ఉన్నాయి. పళ్ళు బిగిసి ఉన్నాయి. చెంప మీద సుద్ద మరక. నుదుటికి కాస్త పైన అడ్డంగా కడ్డీ. వెనకున్న గోడా, బల్లలూ, జనమూ అంతా కరిగిపోయి నల్లటి మసక. ఆ ఏడాది పెళ్ళిళ్ళ సీజన్ మొత్తంలో నాకంత మంచి ఫొటో పడలేదు.

వాళ్ళమ్మ అప్పడాలు ఒత్తుతోంది. ఆ పిల్ల ప్రింటును గచ్చు మీద పరిచి, మళ్ళీ చుట్టుకుపోకుండా నాలుగు మూలలా నాలుగు అప్పడాల కట్టలు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. చాలాసేపు చూసింది. మెచ్చుకోలు వస్తుందని నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"కాళ్ళు కోసీసావేటి మావయ్యా?" అంది.

నేను నవ్వాను. తను నవ్వలేదు. "మోచేతులు చూడు, ఇంకా వంగే ఉన్నాయి. ఇది చూస్తే ఎవులైనా నో లిఫ్టనీసి అంటారు. నాకు మూడు తెల్ల లైట్లొచ్చినాయి."

ఆ ప్రింటు ఆ ఇంటి గోడకెక్కలేదు. పిల్లకి ఫొటోల సంగతేం తెలుసులే అనుకుని ఇంటికొచ్చేశాను. ఆటల సంగతి నాకేం తెలుసని ఆలోచించడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

మాది బరంపురం. పటాల్లో బ్రహ్మపుర అని ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరు. గీత మారింది గాని వీధుల్లో తెలుగు ఎక్కడికీ పోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోచ్ తిట్టేటప్పుడు రెండూనూ. బరువులెత్తడం ఈ ఊరికి పాత పిచ్చి. మా తాత తాలింఖానా అనేవాడు, ఒడియా వాళ్ళు ఆఖడా అంటారు, ఇప్పటి పిల్లలకి అది జిమ్ము. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కథ చెప్పకుండా మా తాత మాకు అన్నం ముద్ద పెట్టిన గుర్తు లేదు. మా తరానికి ఏనుగుల కథలతో పని లేకుండా చేసినవాడు ఈ ఊరివాడే, కె. రవికుమార్. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో రజతం. ఆ తర్వాత మా వీధుల్లో ప్రతి నాలుగో ఇంట్లో ఒక పిల్లాడో పిల్లో నడుముకి బెల్టు కట్టుకుని తిరుగుతున్నట్టే నాకనిపిస్తుంది.

నేను ఆటగాణ్ణి కాను. స్టూడియో నడుపుతాను, పెళ్ళిళ్ళు తీస్తాను. చేతిలో ఉన్నది కెనాన్ సెవెన్ డీ మార్క్ టూ, 2014లో వచ్చిన మోడలు, రెండు చేతులు మారాక నా దగ్గరికొచ్చింది. దానికి 70-200 ఎఫ్ 2.8 జూము, దూరాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్సు, ఒకటిన్నర కిలో బరువు. ఆ లెన్సు కొన్నది ఆటల కోసమని కాదు. మండపానికి అడ్డం పడి పంతులుగారి చేత తిట్లు తినకుండా దూరాన్నుంచి జీలకర్ర బెల్లం తీసుకోవచ్చని. అంతకన్నా ముఖ్యంగా అప్పగింతల కోసం. పెళ్ళికూతురి తల్లి కంటి కొసన నీటిబొట్టు నిలిచి, జారబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ బొట్టు ఆల్బంలో పడితే బాకీ డబ్బు అడక్కుండానే చేతికొస్తుంది. ఇరవయ్యేళ్ళు ఆ బొట్టు కోసం వెతికిన కన్నును ఆటల మైదానానికి తీసుకెళ్తే అది అక్కడ కూడా ముఖాన్నే వెతికింది. దాని తప్పేం లేదు.

నా ఫిర్యాదు లెన్సు మీద. అంటే దాని గాజు మీద కాదు, అది మనకి అలవాటు చేసిన సుఖం మీద. దూరంగా కూర్చున్న చోటనే ముఖం దొరుకుతుంటే, లేచి దగ్గరికెళ్ళి ఆ పిల్ల పాదాలు అక్కడ ఎందుకు పెట్టిందో అడిగేదెవరు? జూము చేతికొచ్చాక ఆట నేర్చుకోవలసిన పని నాకు తప్పిపోయింది. నాకే కాదు, మా జిల్లాలో మెడలో కెమెరా తగిలించుకుని పోటీలకొచ్చే చాలామందికి తప్పిపోయింది. ఒక ఫొటో బాగుందో లేదో చెప్పవలసింది ముందు ఆ ఆట ఆడినవాళ్ళు అని నేనిప్పుడు అంటే స్నేహితులు ఒప్పుకోరు. ఆ తగాదా కిందకొస్తుంది.

ముందు బరువుల సంగతి. ఆ పిల్ల మాట చాలా రోజులు కుట్టి కుట్టి, ఒకరోజు వాళ్ళ కోచ్ దగ్గరికెళ్ళాను. ఒక పోటీలో తీసిన ఫొటోల్లోంచి ముఖాలు మాత్రమే కత్తిరించి ఫోనులో పెట్టుకుని, వీటిలో ఏవి లేచినవి, ఏవి పోయినవి చెప్పండి సార్ అన్నాను. ఆయన నాలుగైదు జరిపి చూసి ఫోను తిరిగిచ్చేశాడు. "ముఖాలు నాకెందుకు బాబూ? గెలిచినోడూ పళ్ళు కొరుకుతాడు, ఓడినోడూ పళ్ళు కొరుకుతాడు. మోకాళ్ళు చూపించు."

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. ఎదురుగా ముగ్గురు రిఫరీలు. ఇద్దరు తెల్ల లైటు వేస్తే లిఫ్టు లెక్కలోకొస్తుంది. జెర్క్‌లో కడ్డీ తల మీదికి వెళ్ళేసరికి మోచేతులు ఒక్కసారిగా పూర్తిగా బిగుసుకోవాలి. ముందు వంగి తర్వాత నెమ్మదిగా నెట్టుకుంటూ పోతే తప్పు, దాన్నే ప్రెస్ అవుట్ అంటారు. ముందుకొకటి వెనక్కొకటి విడిపోయిన కాళ్ళు మళ్ళీ ఒక వరసలోకి రావాలి. ఒళ్ళూ కడ్డీ రెండూ కదలకుండా నిలబడాలి. అప్పుడు దించమని సైగ వస్తుంది. దానికి ముందే వదిలేస్తే అంత కష్టమూ మట్టిపాలే.

నేను ఇంటికొచ్చి ఆ పాత ఫొటో తీసి చూసుకున్నాను. అందులో బిగుసుకున్న మోచెయ్యి లేదు, వరస కుదిరిన కాళ్ళు లేవు, నిలకడ లేదు. బరువు లేచిందో పోయిందో చెప్పే ఒక్క గుర్తూ లేదు. తన జీవితంలో అతి పెద్ద లిఫ్టుకి నేనిచ్చిన సాక్ష్యం అటూ ఇటూ కాని సాక్ష్యం. పైపెచ్చు అడ్డం తిరిగే సాక్ష్యం.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకోటుంది. యాక్షన్ ఫొటో యాక్షన్ ఫొటో అని మనం పరుగులు పెడతాం గాని, ఈ ఆటలో అసలు ఘట్టం కదలకుండా నిలబడడం. దాని కోసమే మిగతా గందరగోళమంతా. మరి నేనో, కదలిక ఆగగానే "అయిపోయింది" అనుకుని బటన్ మీంచి వేలు తీసేసేవాణ్ణి. సెకనుకి 10 ఫ్రేములు తీసే కెమెరా పెట్టుకుని, తియ్యాల్సిన ఒక్క ఫ్రేము దగ్గరికొచ్చేసరికి చెయ్యి దించేసేవాణ్ణి.

ఇక కాళ్ళు ఎందుకు తెగాయో లెక్క వేసుకున్నాను. నా కెమెరా సెన్సరు చిన్నది, సుమారు 22 మిల్లీమీటర్లు బై 15. జూమును పూర్తిగా వెనక్కి లాగి 70లో పెట్టినా, ఆరు మీటర్ల దూరం నుంచి కెమెరా నిలువుగా పట్టుకుంటే ఫ్రేములో ఎత్తు రెండు మీటర్లు కూడా రాదు. చేతులు పైకెత్తి నిలబడ్డ మనిషి అందులో ఎలా పడతాడు? ఎనిమిది మీటర్లు వెనక్కెళ్తే మనిషి పడతాడు, కడ్డీ తెగుతుంది. ఆడవాళ్ళ కడ్డీయే రెండు మీటర్ల పొడవు, మగవాళ్ళది 2.2 మీటర్లు. కడ్డీ, మనిషి, పాదాలు అన్నీ రావాలంటే అడ్డంగా పట్టుకుని పదకొండు మీటర్లు వెనక్కి పోవాలి. మా హాల్లో పదకొండు మీటర్లు వెనక్కి పోతే సైకిల్ స్టాండులో తేలతాను. లక్ష దాటిన లెన్సు పక్కన పెట్టి, పెళ్ళిలో గ్రూపు ఫొటోలకి వాడే చిన్న 18-55 తగిలిస్తే అంతా హాయిగా పట్టింది. ఈ మాట ఫొటోగ్రాఫర్ల ముందు చెప్పడానికి ఇప్పటికీ కాస్త నామోషీయే.

దీపాల గొడవ కూడా సగం తీరింది. మా హాళ్ళలో ట్యూబులైట్లు. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది గనక దీపం సెకనుకి 100 సార్లు వెలిగి మందగిస్తుంది. కంటికి తెలీదు, సెకనులో వెయ్యో వంతు మాత్రమే తెరుచుకునే 1/1000 షట్టరుకి తెలుస్తుంది. ఒక ఫ్రేము తెల్లగా, పక్కది పచ్చగా, మూడోది కింద సగం చీకటిగా వస్తుంది. ఆ మినుకును కనిపెట్టి, వెలుగు పెరిగినప్పుడే షట్టరు తెరిచే ఏర్పాటు నా కెమెరాలోనే ఉంది. అది మెనూలో ఎక్కడో అడుగున ఉంటే నేను చూసుకోవడానికి ఏడాది పట్టింది, అది వేరే కథ. అసలు కదలకుండా నిలబడ్డ మనిషికి 1/1000 దేనికి? 1/200 చాలు. షట్టరు అయిదు రెట్లు నెమ్మదిస్తే వెలుగు అయిదు రెట్లు ఎక్కువ. ఆట తెలియకపోవడం వల్ల ఇన్నాళ్ళూ నేను వెలుగును కూడా పారబోసుకున్నాను.

పరుగు పందెం దగ్గర నేను చేసిన ఘనకార్యం దీనికన్నా పెద్దది.

బడిపిల్లల పోటీలు. ఆడపిల్లల 100 మీటర్లు. ఫినిష్ గీతకి అవతల నలభై మీటర్ల దూరంలో నేల మీద కూర్చుని, జూమును బాగా ముందుకి తోసి, ఎదురుగా వస్తున్నవాళ్ళని తీశాను. అద్భుతంగా వచ్చింది. ఆరుగురూ ఒకరి భుజం ఒకరికి తగులుతున్నట్టు, ఒక గోడ నడిచొస్తున్నట్టు. సాయంత్రం వాట్సాప్‌లో పెట్టాను. మర్నాడు పొద్దున్నే రెండో స్థానమొచ్చిన పిల్ల తండ్రి ఫోను పట్టుకుని నిర్వాహకుల దగ్గరికి పోయాడు. ఫొటోలో ఆయన కూతురే ముందున్నట్టుంది! మొదటొచ్చిన పిల్ల మేనమామ కూడా వచ్చాడు. తెలుగులో మొదలైన తగువు ఒడియాలోకి మారి మళ్ళీ తెలుగులోకొచ్చింది. పీఈటీ మాస్టారు నన్ను పిలిపించి, "మీరే చెప్పండి బాబూ, మీరు తీసిందే కదా" అన్నారు.

లెన్సు వల్ల అలా కనిపిస్తుందండీ అన్నాను. అది సగం అబద్ధం. తప్పు నేను కూర్చున్న చోటుది. నలభై మీటర్ల అవతలున్న మనిషికీ, నలభయ్యొకటో మీటరు దగ్గరున్న మనిషికీ ఫొటోలో సైజు తేడా నూటికి రెండున్నర వంతులే. వెనకున్న పిల్ల రెండంగుళాలు పొడుగైతే చాలు, ఆ తేడా చెల్లిపోయి తిరగబడుతుంది. అదే నాలుగు మీటర్ల దగ్గర నిలబడి తీస్తే, ఆ మీటరు వెనకబడ్డ పిల్ల అయిదో వంతు చిన్నగా కనిపించేది. తగువే ఉండేది కాదు. జూము చేసిందల్లా అంత దూరాన కూర్చోనివ్వడం, ఆ దూరం నుంచి ఓ ముక్క కోసి పెద్దది చేసి చూపించడం.

నిజంగా ఎవరు ముందో తేల్చే కెమెరా ఎక్కడుంటుందో చూడండి. ఫినిష్ గీతకి సరిగ్గా పక్కన, గీత వెంబడి చూస్తూ ఉంటుంది. దానికి మామూలు ఫొటోలా మైదానమంతా అక్కర్లేదు. సన్నటి నిలువు చీలికలోంచి ఆ ఒక్క గీతనే చూస్తూ, ఎవరు ఏ క్షణాన దాటారో పోగు పక్కన పోగు పేర్చుకుంటూ పోతుంది. అందులో తలా చెయ్యీ కాలూ లెక్కలోకి రావు, మొండెం గీతని అందుకున్న క్షణమే లెక్క. 1984 లాస్ ఏంజిలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష 55.42, రొమేనియా అమ్మాయి కొజొకారు 55.41. సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోయింది. అక్కడ ఎదురుగా నలభై మీటర్లలో నాలాంటివాడు తీసిన బొమ్మని నమ్ముకుంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఆ పిల్ల తండ్రికి ఇదంతా చెప్పాను. విని, "మరెందుకు పెట్టినావు వాట్సాపుల?" అన్నాడు. సమాధానం లేదు.

మా ఊరి దగ్గర గోపాల్‌పూర్ బీచిలో తెల్లవారగట్ల ఇసుకలో పరిగెత్తించే కోచ్ ఒకాయన ఉన్నాడు. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గనక ఆ పావుగంటా ఎవర్ని తీసినా నల్లటి నీడబొమ్మ, చుట్టూ బంగారం. రెండు కాళ్ళూ గాల్లో ఉన్న ఫ్రేములు ఏరి ఏరి చూపించాను. ఆయన మర్యాదకి బావున్నాయన్నాడు. కాసేపాగి, "గాల్లో ఉన్నప్పుడు ఆడు చెయ్యగలిగిందేటుంది బాబూ? కాలు నేలకి తగిలినప్పుడే కదా పరుగు" అన్నాడు. ఆయనకి కావలసింది పాదం నేలకి ఆనే క్షణం. అది నడుము కిందికి దగ్గరగా పడుతోందా, లేక ముందుకి చాచి పడుతోందా? ముందుకి పడితే ప్రతి అడుగూ ఓ చిన్న బ్రేకు. అది ఫొటోలో దొరికితే ఆయన నెల రోజుల పని సుళువవుతుంది. గాల్లో ఎగురుతున్న బొమ్మ చూసి ఆయన నేర్పేదేం లేదు.

1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన పరిగెత్తే గుర్రం దారి పొడుగునా 12 కెమెరాలు పెట్టి, దారాలు కట్టి, గుర్రం తగిలినప్పుడల్లా షట్టరు పడేలా చేశాడు. అప్పటిదాకా చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని ముందు కాళ్ళు ముందుకీ వెనక కాళ్ళు వెనక్కీ బారచాపి వేసేవారు. చూడ్డానికి అదే వేగంలా ఉంటుంది మరి. నాలుగు గిట్టలూ గాల్లో ఉండే మాట నిజమేననీ, కాకపోతే అప్పుడవి పొట్ట కింద ముడుచుకుని ఉంటాయనీ ఆ ఫొటోల్లో తేలింది. ఇప్పుడు సెకనుకి పదులకొద్దీ ఫ్రేములు చేతిలో పెట్టుకుని, వాటిలోంచి నేను ఏరుకునేది మాత్రం కాళ్ళు బారచాపిన ఫ్రేమునే! కెమెరా మైబ్రిడ్జ్‌ది, ఏరుకునే కన్ను ఆ పాత చిత్రకారులది.

ఆ కోచ్‌కి కావలసిన ఫ్రేము అంత తేలిగ్గా దొరకదు కూడా. బాగా పరిగెత్తేవాడు సెకనుకి నాలుగైదు అడుగులేస్తాడు, ఒక్కో అడుగులో పాదం నేల మీదుండేది సుమారు సెకనులో పదో వంతు. నా కెమెరాకి ఒక్కో అడుగుకి ఒక్క అవకాశం, అదీ కలిసొస్తే. బటన్ నొక్కిపట్టి కూర్చుంటే పనవదు. ఆ పిల్లాడి అడుగుల తాళం మన ఒంటికి పట్టాలి. రెండు రోజులు కెమెరా సంచిలోనే ఉంచి, తడి ఇసుక మీద ఊరికే చప్పుడు విన్నాను. మా ఆవిడ ఆ రెండు రోజులూ నేను వాకింగుకి వెళ్తున్నాననుకుని సంతోషించింది.

కబడ్డీ గురించి ఎక్కువ చెప్పను, చెప్తే ఆగను. సంక్రాంతికి ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఫ్లడ్ లైట్లు కట్టి ఆడతారు. 13 మీటర్లు బై 10 మీటర్ల కోర్టు, 30 సెకన్ల కూత. కూతకెళ్ళినవాడు ఎవరినో తాకాలి, లేదా మధ్య గీతకి 3.75 మీటర్ల అవతలున్న గీతనైనా దాటి రావాలి. మనం తీసే ఫొటోలో ఏముంటుంది? కూతకెళ్ళినవాడు ఎగురుతుంటాడు, అంతే. 15 మీటర్ల దూరంలో జూము 200 దగ్గర పెట్టి, లెన్సు కన్ను పూర్తిగా తెరిచి ఎఫ్ 2.8 పెడితే నా కెమెరాలో స్పష్టంగా ఉండే లోతు ముందూ వెనకా కలిపి రెండడుగులు. ఏడుగురు పట్టేవాళ్ళలో ఆరుగురు మసకలో కలిసిపోతారు. వాడి చీలమండ పట్టినవాడు ఫ్రేము కింద అంచు బయట ఉంటాడు. ఆట తెలిసినవాళ్ళు టీకొట్టు దగ్గర నెల రోజులు చెప్పుకునేది ఆ చీలమండ పట్టినవాడి గురించే. వాడికి జీవితంలో ఒక్క ఫొటో ఉండదు.

పత్రికలో పనిచేసే మిత్రుడొకడు ఈ మాటలన్నీ విని నా మీద పడ్డాడు. "నీకు కోచ్‌ల మాటలు ఎక్కాయి. పాఠకుడికి స్నాచ్‌కీ జెర్క్‌కీ తేడా తెలీదు. ముఖం తెలుసు. ముఖం వేస్తేనే ఆగి చూస్తాడు. నువ్వు తీసేవి ఫొటోలు కావురా, కోచింగ్ నోట్సు." నిజం కొంతుంది. చూసేవాడు ఆగకపోతే పాదాలు ఎంత బాగా పడితే ఏం లాభం?

కాని క్రికెట్ ఫొటో చూడరా అన్నాను. అదే పేజీ, అదే పాఠకుడు. కవర్ డ్రైవ్ ఫొటోలో ముందు కాలు ఎక్కడుందో, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో, బంతి ఎటు పోతోందో అన్నీ ఉంటాయి. బ్యాట్స్‌మన్ పళ్ళు కొరికే ముఖం మాత్రం వేసి ఊరుకుంటే అదే పాఠకుడు బంతేదిరా అని అడుగుతాడు. వాడికి క్రికెట్ ఎవరు నేర్పారు? బ్యాటు పట్టుకోనివాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఫొటోలు చూసి, టీవీ చూసి నేర్చుకున్నారు. బరువులెత్తే ఆట పాఠకుడికి తెలీదని మనం చూపించం, మనం చూపించం గనక పాఠకుడికి తెలీదు. ఈ గానుగ ఎన్నాళ్ళు తిప్పుదాం? వాడు టీ తాగి, "డెస్కు వాళ్ళకి చెప్పు" అని లేచిపోయాడు. వాదనలో గెలిచానో లేదో గాని టీ డబ్బులు నేనే ఇచ్చాను.

లెన్సుని పూర్తిగా అటకెక్కించమని కూడా నేననను. జావెలిన్ దగ్గరికీ, హ్యామర్ దగ్గరికీ కోచ్ తోడొస్తానన్నా వెళ్ళను, ప్రాణం మీద తీపి ఉంది. అక్కడ పొడుగు లెన్సే దిక్కు. అయినా ఏప్రిల్, మే ఎండల్లో మైదానానికి ఈ చివర కూర్చుని ఆ చివర తీసిచూడండి. కాలిన నేల మీంచి లేచే వేడిగాలికి ముఖం నీళ్ళలో ముంచినట్టు వణుకుతుంది. ఎంత ఖరీదైన గాజయినా దానికి మందు లేదు. మందల్లా దగ్గరికి నడవడమే.

దూరం గురించి ఇంకొక్క మాట, ఇది చెప్పడం అంత సరదాగా ఉండదు. నలభై మీటర్ల అవతల నుంచి తీస్తున్నప్పుడు ఆ ఆడపిల్లకి తనని తీస్తున్నారని తెలీదు. లాంగ్ జంప్ ఇసుకలో పడినప్పుడు, హర్డిల్ దాటినప్పుడు, వంగి షూ లేసు కట్టుకుంటున్నప్పుడు సెకనుకి పది చొప్పున పడే ఫ్రేముల్లో, ఆమె ఎవరికీ చూపించనివ్వనివి ఎన్నో ఉంటాయి. అవి ఎవరెవరి ఫోన్లలోకి పోతాయో మగవాళ్ళం మనకి తెలుసు, తెలియనట్టు ఉంటాం. ఒక తల్లి నన్ను నిలదీసింది: "ఈ ఫొటోలు ఎక్కడికెల్తాయి బాబూ?" ఆ రోజు జవాబు లేక నీళ్ళు నమిలాను. ఇప్పుడు ఆడపిల్లల పోటీ అయితే కార్డు ఇంటికి తీసుకెళ్ళే ముందే కోచ్ పక్కన కూర్చోబెట్టి పిల్లలకే చూపిస్తాను. వద్దన్నవి అక్కడే తుడిచేస్తాను. నాకు బాగా నచ్చినవి కూడా పోతుంటాయి. పోనీ.

మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి. పోయిన చలికాలం పోటీలకి చిన్న లెన్సుతో వెళ్ళాను. పోటీకి ముందు వారం రోజులు ఖాళీ చేతులతో తాలింఖానాకి పోయి బల్ల మీద కూర్చున్నాను. తన అలవాటు కాస్త పట్టుబడింది. జెర్క్ కొట్టాక ముందు కాలు సగం వెనక్కి తెస్తుంది, తర్వాత వెనక కాలు ముందుకి తెస్తుంది, చివర్న గడ్డం కాస్త ఎత్తుతుంది. గడ్డం ఎత్తినప్పుడు నొక్కాలనుకున్నాను. రిఫరీకి అడ్డం రాకుండా పక్కకి జరిగి, కెమెరా దాదాపు నేలకి ఆనించి, మూడో ప్రయత్నం దాకా కాచుకున్నాను. గడ్డం లేచింది. ఒకే ఒక్కటి తీశాను. మోచేతులు కర్రల్లా ఉన్నాయి, కడ్డీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది, బిళ్ళల రంగులున్నాయి, పాదాల కింద ప్లాట్‌ఫాం చెక్క గీతలున్నాయి. వెనక బల్ల మీద నోళ్ళు తెరుచుకున్న చిన్నపిల్లలు నలుగురున్నారు. మూడు తెల్ల లైట్లు.

ఈసారి ప్రింటు చిన్నది, ఎనిమిది బై పన్నెండు. అదే గచ్చు, అవే అప్పడాల కట్టలు. మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. వేలితో మోచేతులు తడిమింది. కిందికి జరిగింది. ప్లాట్‌ఫాం చెక్క గీతకి వేలు ఆనించి పాదాలు రెండూ కొలిచింది.

"ఎడం కాలు ఇంకా రెండంగుళాలు వెనకే ఉండిపోనాది మావయ్యా. సారు రోజూ అదే తిడతారు, నేను నమ్మలేదు." లేచి చున్నీ సర్దుకుని, "ఇది సారుకి చూపించాల" అని ప్రింటు చుట్టేసి చంకలో పెట్టుకుని చెప్పుల కోసం వెతుక్కుంటోంది.

వాళ్ళమ్మ చేతుల పిండి దులుపుకుంటూ గోడకేసి చూసింది. రెండేళ్ళ కింద నా పెద్ద ప్రింటు కోసం కొట్టిన మేకు అక్కడ ఇంకా ఖాళీగానే ఉంది.

"దించినాక నవ్వింది గదా బాబూ. ఆ నవ్వినది తియ్యలేదా?"